ఉప్పునీటి ఎర గాలానికి ఏ ముడి? లీడర్ల తయారీ డైరీ

మొదటి రోజు

పని ఇదీ: సముద్రంలో ఎర వేసి పట్టేందుకు 24 లీడర్లు (రీలు దారం చివర తగిలించే, గాలం కట్టిన పొట్టి దారపు ముక్కలు) ముందే కట్టి, చుట్టి, సంచిలో సిద్ధంగా పెట్టుకోవడం. కోసిన చేపముక్క, కణవ ముక్క లాంటి ఎరలకు 10. బతికున్న ఎరచేపకు 6. రొయ్య, ఇసుకపురుగు లాంటి చిన్న మెత్తటి ఎరలకు 6. పళ్లతో దారం కొరికేసే చేపలకు స్టీలు తీగతో 2.

చేపను బట్టి కాకుండా ఎరను బట్టి ఎందుకు విడగొట్టామంటే, ముడి ఎంపికను మొదట శాసించేది ఎరే. ఎర గాలం మీద ఎలా కూర్చోవాలి, నీళ్లలో ఎంత ఆడాలి అన్నది తేలితే ముడి సగం తేలినట్టే. ఆ తర్వాత గాలం కన్ను, ఆ పైన దారం మందం. "అన్నిటికన్నా గట్టి ముడి ఏది" అన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతుంది. 0.30 మి.మీ. దారంలో నిక్షేపంగా ఉండే ముడి 0.80 మి.మీ.లో అసలు బిగుసుకోదు.

రెండు మాటలు ఇక్కడే ఖాయం చేసుకుందాం. రీలు వైపు పోయే భాగం "అసలు దారం". ముడి వేసేటప్పుడు చేతిలో ఆడే చివర "కొస". కింద అంతటా ఇదే అర్థం.

సామాను: 0.40, 0.60, 0.80 మి.మీ. నైలాన్ దారం, 0.50 మి.మీ. ఫ్లోరోకార్బన్ (గట్టి పైభాగమున్న దారం), పోల్చి చూడటానికి కొంత బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన దారం), సన్నని ఒంటి పోగు స్టీలు తీగ, స్వివెల్స్ (దారం మెలిపడకుండా తిరిగే లోహపు కీళ్లు), నెయిల్ కట్టర్, భూతద్దం, 20 లీటర్ల బకెట్టు, కొలత గీతలున్న మగ్గు, కళ్లద్దాలు. గాలాలు 4 నుంచి 1 వరకు, తర్వాత 1/0 నుంచి 6/0 వరకు. కొత్తవాళ్లు తికమకపడేది ఈ నంబర్ల దగ్గరే. పక్కన సున్నా లేనప్పుడు నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది. 8 కన్నా 4 పెద్దది, 4 కన్నా 1 పెద్దది. పక్కన సున్నా చేరాక లెక్క తిరగబడుతుంది: 1/0 కన్నా 4/0 పెద్దది.

రెండో రోజు: గాలం కళ్లు

ముడులకన్నా ముందు కళ్లు చూశాం. మంచి ముడి ఊరికే తెగిందని అనుకునే సందర్భాల్లో తప్పు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

గాలం కన్ను అంటే తీగను గుండ్రంగా వంచిన రింగు. తీగ కొస కాడను, అంటే గాలం తిన్నని భాగాన్ని, తాకే చోట సన్నని సందు మిగులుతుంది. కొన్ని గాలాల్లో ఆ సందు అతికి ఉంటుంది, చాలావాటిలో ఉండదు. నైలాన్‌కు ఆ సందు అంచు గీత పెడుతుంది. బ్రెయిడ్ అయితే సన్నగా ఉంటుంది కాబట్టి ఏకంగా సందులోంచి జారి బయటికే వచ్చేస్తుంది. ముడి చెక్కుచెదరకుండా చేతికి వస్తుంది, గాలం ఉండదు.

పరీక్ష తేలిక. ఒక దూది పింజను కంట్లోంచి దూర్చి గుండ్రంగా తిప్పాలి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టు. పెద్ద గాలమైతే సన్నని ఎమరీ కాగితాన్ని పుల్లలా చుట్టి నాలుగు సార్లు తిప్పితే నునుపవుతుంది, కానీ పైపూత పోయి అక్కడ తుప్పు త్వరగా పడుతుంది. చిన్న గాలమైతే పక్కన పడేయడమే మేలు.

ఇక కన్ను ఎటు వాలి ఉందో చూడాలి. మొనకు దూరంగా వెనక్కి వాలితే ఎగువ కన్ను, మొన వైపు వాలితే దిగువ కన్ను, కాడతో తిన్నగా ఉంటే తిన్నని కన్ను. కన్నే లేకుండా కాడ చివర రేకులా చదునుచేసిన గాలాలూ ఉన్నాయి. వాటికి కాడ చుట్టూ వేసే స్నెల్ అనే ముడి తప్ప దారి లేదు.

గాలాలను ఈ నాలుగు కుప్పలుగా విడదీసి పెట్టాం. ఎగువ కన్నువన్నీ చేపముక్క లీడర్లకు వెళ్లాయి.

మూడో రోజు: బకెట్టు

ముడిని చేత్తో లాగి "గట్టిగానే ఉంది" అనుకుంటే ఏమీ తేలదు. సన్నని దారాలకు బకెట్టు చాలు. గట్టి దూలానికి కొక్కెం బిగించి, దానికి గాలం తగిలించి, దారం రెండో కొసను బకెట్టు పిడికి కట్టాలి. పిడి దగ్గర ముడి వేయకూడదు, అక్కడే తెగిపోతుంది. దారాన్ని నున్నటి గుండ్రటి కర్రకు ఆరేడు చుట్లు తిప్పి, చివరన ముడేసి, ఆ కర్రను పిడికి తగిలించాలి. చుట్ల రాపిడే బరువు మోస్తుంది కాబట్టి అక్కడ తెగదు. బకెట్టు అడుగు నేలకు 5 సెం.మీ. ఎత్తులో ఉంటే పడినా ప్రమాదం లేదు. తర్వాత అర లీటరు చొప్పున నీళ్లు పోయడమే. లీటరు నీళ్లు కిలో. ఖాళీ బకెట్టు బరువు కలుపుకోవడం మరిచిపోవద్దు.

0.60, 0.80 దారాలకు బకెట్టు చాలదు. వాటికి జోడీ పద్ధతి: అర మీటరు దారం తీసుకుని ఒక కొసకు ఒక రకం ముడితో ఒక గాలం, రెండో కొసకు మరో రకం ముడితో రెండో గాలం కట్టి, ఒకదాన్ని స్థిరంగా తగిలించి రెండోదాన్ని కర్రతో నిదానంగా లాగాలి. తెగింది ఏదో అది ఓడినట్టు. అంకె తెలియదు, కానీ రెండిట్లో ఏది మేలో తెలుస్తుంది. ఎంపికకు కావలసింది అదే. ఒక్కసారి తెగితే లెక్కలోకి తీసుకోవద్దు. ఒక్కో జోడీని కనీసం ఐదు సార్లు కట్టి చూడాలి.

పరీక్షకు పెట్టే గాలాల మొనలు ముందే కత్తిరించెయ్యాలి. దారం తెగినప్పుడు గాలం రాయిలా వెనక్కి ఎగిరివస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. దారం మధ్యలో తడి తువ్వాలు వేలాడదీస్తే ఎగిరే వేగం తగ్గుతుంది.

దారాన్ని పొడిగా పరీక్షించడం కూడా పొరపాటే. నైలాన్ నీళ్లు పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక కొంత మెత్తబడి బలం తగ్గుతుంది. అందుకే లీటరు నీళ్లకు 35 గ్రాముల ఉప్పు కలిపి, కట్టిన ముడులను ఒక రోజంతా నానబెట్టాకే బరువు వేశాం. సముద్రపు నీళ్ల ఉప్పదనం దాదాపు అంతే.

నాలుగో రోజు: కంటికి కట్టే మూడు ముడులు

క్లించ్, పాలొమార్, యూని. మూడూ కన్నులోంచి దారం తీసి కన్ను దగ్గరే బిగించేవి. మూడూ మంచివే, మూడూ ఒకే చోటుకు కావు.

మెరుగైన క్లించ్ 0.40 మి.మీ. వరకు బాగుంది. కొసను కన్నులోంచి తీసి, అసలు దారం చుట్టూ ఐదు చుట్లు, కన్ను పక్కన ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి దూర్చి, మళ్లీ పెద్ద ఉచ్చులోంచి వెనక్కి. 0.60కి వచ్చేసరికి ఐదు చుట్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకోవడం లేదు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. చుట్లు మూడుకు తగ్గిస్తే సర్దుకుంటాయి, కానీ పట్టు చాలక జారుతుంది. మందపు దారానికి క్లించ్‌ను ఈ జాబితాలోంచి తీసేశాం.

పాలొమార్ బ్రెయిడ్‌కు చాలా మంచిది. దారాన్ని 15 సెం.మీ. మడిచి జంటగా కన్నులోంచి తీసి, ఆ జంటతోనే వదులుగా ఒక ఒంటిముడి వేసి, చివరి ఉచ్చులోంచి గాలాన్ని మొత్తంగా దాటించి, తడిపి, కొసనూ అసలు దారాన్నీ కలిపి లాగాలి. ఇది పాడయ్యేది రెండు చోట్ల. జంటలోని రెండు పోగులు మెలిపడి ఒకదాన్ని ఒకటి దాటితే, బిగించినప్పుడు పైపోగు కిందిపోగును కోస్తుంది. ఉచ్చు గాలాన్ని పూర్తిగా దాటకుండా కంటి మీదే ఆగిపోతే ముడి ఒకపక్కకు ఒరిగి బిగుస్తుంది. ఈ రెండూ లేకపోతే దీన్ని ఓడించడం కష్టం. ఎర లీడర్లకు మాత్రం ఇబ్బందే: మందపు నైలాన్ జంటగా గాలం కంట్లో దూరదు.

యూని దగ్గర కాస్త ఆగాలి. చేతులు తడిగా ఉన్నా, చీకట్లో ఉన్నా, పడవ ఊగుతున్నా కట్టగలిగిన ముడి ఇది. కొసను కన్నులోంచి 15 సెం.మీ. తీసి, అసలు దారం పక్కనే వెనక్కి తెచ్చి, మళ్లీ కంటి వైపు మడిస్తే ఒక ఉచ్చు ఏర్పడుతుంది. ఇప్పుడు కొసను రెండు పోగుల చుట్టూ, ఉచ్చు లోపలినుంచి తిప్పుతూ చుట్లు వేయాలి. 0.40కి ఐదు, 0.60కి నాలుగు, 0.80కి మూడు, బ్రెయిడ్‌కు ఎనిమిది. తడిపి, మొదట కొసను మాత్రమే లాగి చుట్లను కుదురుగా సర్దాలి. తర్వాత అసలు దారం లాగితే ముడి జరుగుతూ వచ్చి కంటికి ఆనుతుంది. ఈ రెండు లాగుడుల వరస మారితే ముడి సగం బిగిసి మధ్యలోనే ఆగిపోతుంది.

తడపడం గురించి ఒక్క మాట. పొడి దారాన్ని గబుక్కున లాగితే రాపిడికి వేడి పుట్టి, చుట్ల లోపల దారం పాడవుతుంది. బిగించాక ముడి పైన తెల్లటి గీత కనబడితే అదే గుర్తు. ఫ్లోరోకార్బన్‌లో ఇది మరీ ఎక్కువ. దాని పైభాగం గట్టిది, చుట్లు సర్దుకోవడానికి ఎక్కువ సమయం అడుగుతుంది. ఉమ్మితోనో నీళ్లతోనో తడిపి, ఊపిరి బిగబట్టి లాగినంత నిదానంగా లాగాలి. తెల్లగీత కనబడిన ప్రతి ముడినీ కోసి మళ్లీ కట్టాం. ఎంత బాగా కుదిరినట్టు ఉన్నా సరే.

చిన్న ఎరల 6 లీడర్లు ఇవాళే ముగిశాయి: 0.40 నైలాన్, పొడవు కాడ ఉన్న తిన్నని కన్ను గాలాలు, నంబరు 4 నుంచి 1, యూని ముడి, కొస 2 మి.మీ. మిగిల్చి కత్తిరింపు. పురుగును గాలం మీదుగా దారం మీదికి ఎక్కించేటప్పుడు ముడి పెద్దదైతే పురుగు చిరుగుతుంది. పాలొమార్ కన్నా యూని ఇక్కడ గెలవడానికి అది కూడా కారణమే.

ఐదు, ఆరు రోజులు: స్నెల్

పది లీడర్లు దీనితోనే కాబట్టి రెండు రోజులు పట్టింది.

స్నెల్‌లో ముడి కంటికి కాదు, కాడకు. దారం కన్నులోంచి దూరి కాడ వెంట దిగి, కాడ చుట్టూనే బిగుస్తుంది. అందుకని దారం కంటి దగ్గర పదునుగా వంగదు, లాగుడు కాడ వెంట తిన్నగా పోతుంది. చేపముక్కను గాలం పైకి జరిపినా ముడి దానికి అడ్డుపడదు. 0.60, 0.80 లాంటి మొండి దారాలకు ఇంతకన్నా నమ్మకమైనది మాకు కనబడలేదు.

కట్టే తీరు: కొసను కన్నులోంచి దూర్చి 20 సెం.మీ. లాగాలి. దాన్ని కాడ వెంట పట్టుకుని, యూనిలో చేసినట్టే ఒక ఉచ్చు చేయాలి. ఇప్పుడు కొసను కాడ చుట్టూ, ఉచ్చు లోపలినుంచి తిప్పుతూ ఆరు నుంచి ఎనిమిది చుట్లు. 0.80కి ఐదారు చాలు. ఒక్కో చుట్టునూ బొటనవేలి గోరుతో నొక్కి పట్టుకుంటూ వెళ్లాలి. వేలు లేస్తే మొదటి చుట్టు విచ్చుకుని, తర్వాతి చుట్టు దాని కిందికి దూరుతుంది. అన్నీ వేశాక తడిపి, కొసను లాగి సర్ది, అసలు దారం లాగి బిగించాలి. చివరిగా కొసను ప్లయర్‌తో పట్టుకుని ఇంకోసారి. కాడ మీద చుట్లు స్ప్రింగులా సమంగా, మధ్యలో సందు లేకుండా కూర్చుంటే సరిగ్గా వచ్చినట్టు.

ఇక అసలు విషయం: కొస కంట్లోకి ఎటునుంచి దూరాలి? ఎగువ కన్ను అయితే మొన ఉన్న వైపునుంచి. అలా దూరిస్తే కాడ వెనుక వైపున దిగిన దారం, వెనక్కి వాలిన కంట్లోంచి తిన్నగా ముందుకు వస్తుంది, ఎక్కడా మెలిక ఉండదు. దిగువ కన్నుకు దీనికి ఎదురు: వీపు వైపునుంచి. ఎగువ కంట్లోకి తప్పు వైపునుంచి దూరిస్తే దారం కంటి అంచు మీద మడత పడుతుంది. జోడీ పద్ధతిలో ఈ రెండు తీర్లనూ ఎదురెదురు పెట్టి లాగితే మడత పడినవే ముందు తెగాయి, అదీ కంటి అంచు దగ్గరే.

తిన్నని కన్ను గాలాలకూ మొన వైపునుంచే దూర్చాలి, దాని కారణం వేరు. అసలు దారం కంటికి ముందునుంచి వచ్చి వెనక్కి దూరి కాడ వెనుక దిగుతుంది. లాగుడు పడగానే దారం తిన్నగా కావాలని చూస్తుంది, కంటి పైఅంచును వెనక్కి, కాడను ముందుకు నెడుతుంది. దాంతో మొన తనంతట తాను ముందుకు తిరుగుతుంది. సర్కిల్ గాలం (మొన కాడ వైపు లోపలికి వంగిన గాలం) పనిచేసేదే ఆ తిరుగుడు మీద: చేప ఎర మింగి దూరంగా పోతుంటే గాలం గొంతులోంచి జారి, నోటి మూలకు చేరి తిరిగి గుచ్చుకోవాలి. చేతిలో పట్టుకుని చూడొచ్చు. గాలాన్ని అరచేతిలో వదులుగా పెట్టుకుని దారాన్ని మెల్లగా లాగండి. మొన ఎటు తిరిగిందో కనబడుతుంది. సర్కిల్ గాలంతో కర్రను ఝాడించి లాగకూడదని చెప్పేదీ ఇందుకే. ఝాడిస్తే తిరగడానికి ముందే నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది.

కొస కత్తిరించేటప్పుడు స్నెల్‌కు 3 మి.మీ. మిగిల్చాం. కాడ మీద పొడుచుకుని ఉన్న ఆ ముక్క కణవ పట్టీ కిందికి జారకుండా ఆపుతుంది. చేపముక్కకు ఇంకో ఉపాయం: ముక్క పైచివరను కంటి మీదుగా దారం మీదికి జరిపి, అక్కడ అసలు దారంతో ఒక వదులు మెలిక వేస్తే ముక్క తిన్నగా వేలాడుతుంది, నీళ్లలో గింగిరాలు తిరగదు. గింగిరాలు తిరిగితే స్వివెల్ ఉన్నా లీడర్ మెలిపడి ముడి దగ్గర అలుపెక్కుతుంది.

పది లీడర్లలో నాలుగు రెండు గాలాలవి. కింది గాలాన్ని మామూలుగా స్నెల్ చేసి, పై గాలాన్ని అదే దారం మీద 7 సెం.మీ. ఎగువన స్నెల్ చేశాం. ఇక్కడ పొరపాటు దూరం దగ్గర జరుగుతుంది. బిగించేటప్పుడు పై గాలం కిందికి జరిగి దూరం తగ్గుతుంది, అందుకే 8 సెం.మీ. దగ్గర మొదలుపెట్టాలి. దూరం తగ్గితే రెండు గాలాల మధ్య ఎర మడతపడి మూటలా అవుతుంది.

రెండు లీడర్లు పారేశాం. ఒకదానిలో చుట్టు మీద చుట్టు ఎక్కింది. రెండోదానిలో కాడ మరీ పొట్టిది, ఏడు చుట్లు వంపులోకి దిగిపోయాయి. పొట్టి కాడ గాలానికి ఐదు చుట్లకు మించి చోటుండదు. ఐదుతో జారకుండా ఉండేది 0.80 దారమే. కాబట్టి ఆ గాలాలను 0.60కి కట్టలేదు. పారేసిన రెండింటి బదులు పొడవు కాడ గాలాలతో మళ్లీ కట్టాం.

ఏడో రోజు: బతికున్న ఎరకు ఉచ్చు

ఎరచేప సహజంగా ఈదాలంటే గాలం దారానికి బిగిసి ఉండకూడదు. మొండి 0.50 ఫ్లోరోకార్బన్‌ను కంటికి బిగిస్తే చేప ప్రతి కదలికలోనూ కర్ర ముక్కను మోస్తున్నట్టు ఉంటుంది. అందుకే జారని ఉచ్చు ముడి, 5/0 సర్కిల్ గాలంతో.

కొసనుంచి 25 సెం.మీ. దగ్గర ఒంటిముడి వేసి బిగించకుండా వదిలేయాలి. కొసను గాలం కంట్లోంచి తీసి, ఒంటిముడిలోకి తిరిగి తేవాలి, కానీ ఏ వైపునుంచి బయటికి వచ్చిందో అదే వైపునుంచి. తర్వాత కొసను అసలు దారం చుట్టూ తిప్పి, మళ్లీ ఒంటిముడిలోకి, మళ్లీ అదే వైపునుంచి. చుట్లు దారం బలాన్ని బట్టి: 8 నుంచి 12 పౌండ్లకు ఐదు, 15 నుంచి 40 వరకు నాలుగు, 50, 60కి మూడు, ఆ పైన రెండు. మా 0.50 దారానికి నాలుగు. తడిపి కొసను నిదానంగా లాగి చుట్లు సర్ది, ఆపైన గాలాన్నీ అసలు దారాన్నీ ఎదురెదురు లాగాలి.

"అదే వైపు" అన్న మాటే ఇందులో ప్రాణం. ఎదురు వైపునుంచి దూర్చితే చూడటానికి ముడి అలాగే ఉంటుంది, కానీ బలం తగ్గుతుంది. ఉచ్చు పరిమాణం ఒంటిముడి కంటికి ఎంత దగ్గర ఉందన్న దానిమీద ఆధారపడుతుంది. 1 సెం.మీ. సరిపోతుంది. పెద్దదైతే అడుగున ఉన్న నాచు, గడ్డి దానిలో చిక్కుకుంటాయి, గాలం మొన కూడా తిరిగి వచ్చి ఉచ్చుకే తగులుకుంటుంది.

రాళ్లున్న అడుగులో ఈ ముడి వద్దు. ఉచ్చు రాయిమీద రాసుకుని లోపలివైపు అరుగుతుంది, పైనుంచి కనబడదు. అక్కడ బతికున్న ఎరకైనా స్నెలే వేయాలి. ఆరింటిలో రెండు అలా మార్చాం.

ఎనిమిదో రోజు: తెగిన కొసలు

ఈ వారమంతా తెగిన ప్రతి కొసనూ తెల్లకాగితం మీద అంటించి పెట్టాం. భూతద్దం కింద అవి మూడు రకాలుగా కనబడ్డాయి.

కొస పందితోకలా సన్నగా చుట్టలు తిరిగి ఉంటే ముడి తెగలేదు, జారి విడిపోయింది. చుట్లు చాలలేదు, లేక సరిగ్గా బిగించలేదు, లేక కొస మరీ పొట్టిగా కత్తిరించారు. కొస తిన్నగా, కాస్త చితికి, ముడి నోటి దగ్గరే తెగి ఉంటే ముడి పట్టింది, దారం ఓడింది. అసలు దారం ముడిలోకి ప్రవేశించే చోటే వంపూ ఒత్తిడీ రెండూ ఎక్కువ, తెగాల్సింది అక్కడే. చివర కొన్ని సెంటీమీటర్ల దాకా గరుకుగా, తెల్లగా మసకబారి ఉంటే అది రాపిడి. దానికి ముడి మార్చి లాభం లేదు, లీడర్ మందం పెంచాలి.

పట్టు దొరక్క చేప పోయినప్పుడల్లా ముడి మార్చేవాళ్లు చాలామంది. ముందు కొస చూడాలి. పందితోక కనబడితేనే ముడిని అనుమానించాలి.

తొమ్మిదో రోజు: తీగ, సర్దుడు

తీగ లీడర్లు రెండు. ఒంటి పోగు స్టీలు తీగకు ముడి పనికిరాదు, మెలికే. తీగను కంట్లోంచి తీసి రెండు పోగులనూ ఒకదానితో ఒకటి సమంగా, ఇంగ్లీషు ఎక్స్ ఆకారంలో, కనీసం మూడున్నర మెలికలు తిప్పాలి. ఒక పోగు తిన్నగా ఉండి రెండోది మాత్రమే దాని చుట్టూ తిరిగితే లాగుడుకు జారిపోతుంది. తర్వాత కొసను అసలు తీగకు అడ్డంగా పెట్టి నాలుగైదు చుట్లు బిగుతుగా. మిగిలిన తీగను కట్టర్‌తో కోయకూడదు, కోస్తే ముల్లులాంటి కొస మిగిలి చేతిని చీరుతుంది. కొసను పిడిలా వంచి ముందుకూ వెనక్కీ ఆడిస్తే చుట్టు మొదట్లోనే నున్నగా విరిగిపోతుంది.

సర్దేటప్పుడు ఒక్కో లీడర్‌నూ స్వివెల్ దాకా లాగి చూశాం. స్వివెల్ వైపు ముడి అన్నిటికీ యూనియే. లీడర్ పొడవు చేపముక్కకు 60 సెం.మీ., బతికున్న ఎరకు మీటరు, చిన్న ఎరలకు 40. నాలుగు వేళ్ల చుట్టూ చుట్టి, జిప్ సంచిలో వేసి, పైన దారం మందం, గాలం నంబరు, కట్టిన తేదీ రాశాం. తేదీ ఎందుకంటే నైలాన్ ఎండకు పాడవుతుంది. సంచి ఎండ తగలని చోట ఉండాలి. వాడిన లీడర్‌ను మంచినీళ్లలో కడిగి, ఆరబెట్టి, ముడినీ దానికి పైన 30 సెం.మీ. దారాన్నీ పెదవుల మధ్యనుంచి లాగి చూడాలి. వేళ్లకు దొరకని గరుకు పెదవులకు దొరుకుతుంది. గరుకు తగిలితే అక్కడికి కోసి మళ్లీ స్నెల్ వేయడమే. 60 సెం.మీ. లీడర్ 35కి తగ్గేదాకా ఇలా రెండు మూడుసార్లు కట్టుకోవచ్చు.